కాన్ వదిలి వెళ్లిన కాగితాలు



ఈ స్మారకోపన్యాసం జీవితమంతా డ్రాయింగ్ బల్ల ముందు గడిపిన ఒక డ్రాఫ్ట్స్‌మన్ పేరు మీద ఏర్పాటైంది. అందుకే భవనాలను పక్కనపెట్టి, వాటి డ్రాయింగుల గతి గురించి మాట్లాడదలచాను. అవి వాస్తుశిల్పి లూయీ కాన్ డ్రాయింగులు.

కాన్ 1901లో, అప్పటి రష్యా సామ్రాజ్యంలో భాగమైన ఎస్టోనియాలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. పసితనంలో నిప్పులకు కాలిన మచ్చలు ముఖం మీద చివరిదాకా ఉండిపోయాయి. 1906లో తల్లి వెంట అమెరికాలోని ఫిలడెల్ఫియా చేరారు. కాన్ అన్న ఇంటిపేరు కూడా అక్కడికి వెళ్లాక పెట్టుకున్నదే. లేమిలో పెరిగి, మూకీ సినిమాలకు పియానో వాయించి నాలుగు డబ్బులు తెచ్చుకున్నారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆయన గురువు పాల్ క్రే ఫ్రాన్సు నుంచి వచ్చినవారు. తర్వాత కాన్ కట్టడాలకు లెక్కలు కట్టిన ఇంజనీరు ఆగస్ట్ కొమెండాంట్‌దీ ఎస్టోనియానే. అమెరికన్ వాస్తుశిల్పం అని మనం తేలిగ్గా అనేదాన్ని ఎంతమంది వలసవచ్చినవాళ్లు గీశారో!

పేరు ఆలస్యంగా వచ్చింది. 1953లో యేల్ ఆర్ట్ గ్యాలరీ పూర్తయ్యేనాటికే యాభై దాటాయి. సాల్క్ సంస్థ, కింబెల్ మ్యూజియం, ఢాకా పార్లమెంటు, అహ్మదాబాద్ ఐఐఎం అన్నీ ఆ తర్వాతివే. 1974 మార్చిలో అహ్మదాబాద్ నుంచి తిరిగి వెళ్తూ న్యూయార్క్ రైల్వేస్టేషన్‌లో గుండెపోటుతో పోయారు.

అప్పటికి ఆయన ఆఫీసు అప్పుల్లో మునిగి ఉంది. అప్పులవాళ్లు అమ్మించగలిగిన ఆస్తి ఏదైనా ఉంటే ఆ కాగితాలే. విడివిడిగా అమ్మితే ఒక్కో స్కెచ్ ఒక్కో గోడకెక్కేది. పెన్సిల్వేనియా రాష్ట్రం ప్రజల సొమ్ముతో మొత్తం కొనేసి, ఆయన చదివిన, పాఠం చెప్పిన విశ్వవిద్యాలయంలోనే ఉంచింది. స్వయంగా గీసినవే ఆరువేలకు పైగా ఉన్నాయి. 1987లో అవి ఏడు సంపుటాలుగా అచ్చయ్యాయి. పసుపుపచ్చ ట్రేసింగ్ కాగితం మీద బొగ్గుతో గీయడం ఆయన అలవాటు. ఒకదాని మీద ఒకటి పరిచి, కింద నచ్చిన గీతను పైకి తెచ్చుకుని మిగతాది మార్చేవారు. ఆలోచన ఎక్కడ దారి మళ్లిందో ఆ కాగితాల్లో తెలిసిపోతుంది. మనమేమో మునిసిపాలిటీ ముద్ర పడ్డ ప్లానును బీరువాలో దాచి, ముందు గీసి కొట్టేసినవన్నీ చిత్తుకాగితాల కింద తూకానికి వేస్తాం. నాకు కొట్టేసినవే ఎక్కువ విలువైనవి.

న్యూయార్క్‌లో ఈస్ట్ నది మధ్య రూజ్‌వెల్ట్ ద్వీపం ఉంది. దాని దక్షిణపు కొసన ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ స్మారకోద్యానాన్ని కాన్ గీసిపెట్టి వెళ్లారు. నగరం దివాలా అంచుకు వచ్చేసరికి పని మూలపడింది. చివరికి ఆ డ్రాయింగుల ఆధారంగానే కట్టి 2012లో తెరిచారు. పైకప్పు లేని గది, మూడు వైపులా గ్రానైటు, నాలుగో వైపు నది. ఆయన పోయిన 38 ఏళ్లకు లేచిన దాన్ని కాన్ కట్టడమే అనవచ్చా? అనవచ్చనే నా అభిప్రాయం, కొంత సంకోచంతో. బతికుంటే పని జరుగుతుండగానే మళ్లీ మార్చేవారు.

ఢాకాలో ఆ కాగితాలు సాక్ష్యానికెక్కాయి. 2016లో బంగ్లాదేశ్ ప్రభుత్వం పార్లమెంటు ప్రాంగణపు డ్రాయింగుల నకళ్లు తెప్పించుకుంది. మూల ప్లానులో లేనివాటిని తీసేస్తామంది. అలాంటివాటిలో మాజీ అధ్యక్షుడు జియావుర్ రెహ్మాన్ సమాధి ఉంది, ఆయన పార్టీ అప్పుడు ప్రతిపక్షంలో ఉంది. జియా హత్య జరిగింది 1981లో. కాన్ పోయాక ఏడేళ్లకు తవ్విన గోతి గురించి ఆయన గీతలు ఏం చెప్పగలవు?

అహ్మదాబాద్‌లో డ్రాయింగులు భద్రం, భవనాలకే ముప్పు. ఐఐఎంలోని 18 హాస్టళ్లలో 14 కూల్చి కొత్తవి కడతామని 2020 డిసెంబరులో యాజమాన్యం ప్రకటించింది. దేశవిదేశాల్లో గగ్గోలు పుట్టడంతో 2021 జనవరి 1న వెనక్కి తగ్గింది. 2022 నవంబరులో మళ్లీ పునర్నిర్మాణం మాట ఎత్తింది. ఇటుక పాడైందని, భూకంపానికి దెబ్బతిన్నదని వాళ్ల వాదన. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. ఆర్చి ఎంత వెడల్పో డ్రాయింగు చెబుతుంది కాని, ఇటుక ఎంత కాలిందో చెప్పదు. అయితే అదే ప్రాంగణంలో విక్రమ్ సారాభాయ్ గ్రంథాలయాన్ని చక్కగా బాగుచేశారు, దానికి 2019లో యునెస్కో పురస్కారం కూడా వచ్చింది. హాస్టళ్లను కూల్చక తప్పదన్న మాట అందుకే నాకు మింగుడుపడటం లేదు.