జర్మనీలో వేతనముతో పరిశోధన

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



చెఱకు పండించు గోవాడవారికి చక్కెర సంగతి క్రొత్త కాదు. అయినను ఆ కథలో జర్మనులకు గల భాగము తెలిసికొనదగినది. 1747లో బెర్లిను నగరమున మార్‌గ్రాఫ్ అను రసాయనవేత్త బీటుదుంపలోను చెఱకు చక్కెరయే గలదని కనుగొనెను. ఆతని శిష్యుడు ఆకార్డ్ 1801లో దుంప చక్కెరకు తొలి కర్మాగారమును నెలకొల్పెను. చక్కెరల నిర్మాణమును తేటపఱచిన ఎమిల్ ఫిషర్ 1902లో నోబెల్ బహుమానము నందెను. నేటికిని గోటింగెన్ నగరమున బీటుదుంప పరిశోధనకే యొక సంస్థ గలదు.

విదేశ విద్య యనగానే పొలము అమ్మవలయునను భయము మన యిండ్లలో పుట్టును. ఆ భయమునకు కారణము లేకపోలేదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా చేరుటకు మామగారి సొమ్మును, కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మనిధి సాయమును కావలసివచ్చెను. అచట ఆసుపత్రిలో రాత్రిపని చేసి పొట్ట పోసికొని, 1930లో హార్వర్డు డాక్టరు పట్టమును సాధించెను.

జర్మనీలో విజ్ఞానశాస్త్ర పరిశోధన తరచుగా ఉద్యోగము వంటిది. ఆచార్యుడు తన పరిశోధన ధనమునుండి జీతమిచ్చి పరిశోధకుని నియమించును. ప్రభుత్వ వేతనశ్రేణులలో పదుమూడవ దానిని బట్టి సగము జీతమో, మూడింట రెండు పాళ్లో, పూర్తిగానో ఒప్పందమున వ్రాయుదురు. రెండవ మార్గము మాక్స్ ప్లాంక్ సంఘమువారి పరిశోధన పాఠశాలలు. అవి వేర్వేరు దేశముల అభ్యర్థులను పోటీపై ఎన్నుకొనును. మూడవది 1925లో స్థాపితమైన జర్మను విద్యావినిమయ సంస్థ యిచ్చు విద్యార్థివేతనము. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో డాక్టరు పట్టమునకు చదువువారికి సాధారణముగా బోధన రుసుము ఉండదు.

అర్హత సాధారణముగా ఎం.ఎస్‌సి. వంటి స్నాతకోత్తర పట్టము. విద్యార్థి మొదట ఆచార్యుని వ్యాసములను చదువవలెను. పిదప ఆ పనిలో తనకేది నచ్చినదో, తాను ఏ ప్రయోగము చేసి యున్నాడో ఒక పుటలో వ్రాయవలెను. ఒకే లేఖను నూఱుగురికి పంపుట వృథా. తనను ఎఱిగిన గురువులు ఇద్దరి యోగ్యతాపత్రములను ముందే అడిగి యుంచవలెను. పలుమాఱులు ‘లేదు’ అను జవాబు వచ్చును, దానికి క్రుంగరాదు.

తలిదండ్రులు మఱువరాని మాట యొకటి గలదు. ప్రవేశపత్రము వేఱు, వేతనపత్రము వేఱు. చేర్చుకొందుమను లేఖలో జీతమెంతయో, ఎన్ని యేండ్లో లేనిచో అది ఉద్యోగము కాదు. దానిని నమ్మి అప్పు చేయరాదు. పరిశోధక పదవి నిప్పింతుమని సొమ్మడుగు మధ్యవర్తులను దరిచేరనీయరాదు. అయినను ప్రయాణమునకును, తొలి జీతము చేతికందువఱకు కాలక్షేపమునకును కొంత పైకము చేత నుండవలయును. సగము జీతము దొరికినవారు పొదుపుగా బ్రదుకవలసియుండును.

ఈ గ్రంథాలయమున ఇట్టి ప్రకటనలను సేకరించి, గడువు తేదీలతో ఒక పలకపై నుంచినచో, వివరములు తెలియక ఆగిపోవు విద్యార్థికి మేలగును. పెద్దలు ఆ భారమును స్వీకరింతురుగాక.