చెడుగుడు ఆటగాని వెల

నల్లగొండ, మహబూబునగరు జిల్లాల చెల్కలలోను, కోత ముగిసిన మళ్లలోను చెడుగుడు ఆడక పెరిగిన పెద్దలు అరుదు. ఆ యాటయే నేడు కబడ్డీ యను పేర వేలముపాటల కెక్కినది. 2014వ సంవత్సరమున ప్రారంభమైన ప్రో కబడ్డీ లీగులో తెలుగు టైటాన్సు జట్టు మొదటినుండియు కలదు. ఒక్కొక్క ఆటగానికి కోట్ల రూపాయలు పలుకుట విని మన పిల్లలు బడి మాని బరి వైపు చూచుచున్నారు. ఆ వెల న్యాయమైనదా యని పలువురు పెద్దలు నన్నడిగిరి. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమే ఈ ప్రసంగము.

కూతకు పోవువాని పని యెట్టిదో మొదట చూతము. అతనికి గడువు 30 సెకండ్లు. రెండు కూతలు వరుసగా వట్టిపోయినచో మూడవది చావో రేవో యను కూత యగును. అందు పాయింటు తేనివాడు ఔటగును. ఎదుట ఆరుగురో యేడుగురో యున్నప్పుడు బోనసు గీత దాటి పాయింటు తేవచ్చును. ఎదుట ముగ్గురే మిగిలినప్పుడు పని సులభమని తోచును. కాని వారు పట్టుకొన్నచో వారికి రెండు పాయింట్లు లభించును. ఎవరెందరున్నారు, కాలమెంత మిగిలినది, తన జట్టు ముందున్నదా వెనుకనున్నదా యనునదంతయు ఊపిరి బిగబట్టి లెక్కించుటయే అతని విద్య.

కావున కూతను ఫలితమును బట్టి మాత్రమే తూచరాదు. మూడు పాయింట్లు ముందుండి నిమిషమే మిగిలినప్పుడు వట్టి చేతులతో తిరిగివచ్చినవాడు వివేకి. అప్పుడు లోపలికురికి అదృష్టవశమున రెండు పాయింట్లు తెచ్చినవానిని చప్పట్లతో మెచ్చుకొందుము. వాడే మరియొకనాడు జట్టును ముంచును. మబ్బు చూచి కళ్లములోని ధాన్యమును కప్పినవాడు వాన పడకున్నను తెలివిగలవాడే కదా!

2023 అక్టోబరు 7వ తేదీన చీనాదేశపు హాంగ్‌జౌ నగరమున ఆసియా క్రీడల తుదిపోటీలో భారత, ఇరాను జట్లు 28–28తో సమానముగా నుండెను. నిమిషమునకు కొంచె మెక్కువ మిగిలియుండగా భారత నాయకుడు పవన్ సెహ్రావత్ చావో రేవో కూతకు పోయి, ఎవరిని తాకకయే గీత దాటెను. వెంటబడిన ఇరానువారును గీత దాటిరి. ఏ నియమము వర్తించునని తగవు పుట్టి ఆట చాలసేపు నిలిచిపోయెను. తుదకు భారతము 33–29తో గెలిచెను. ఐనను స్వర్ణపతకము ఆ కూతను మంచి కూతగా మార్చజాలదు. అట్లే ఆ యొక్క కూత ఆతని ప్రజ్ఞను తక్కువ చేయజాలదు.

ఇక వెల మాట. ఆ నెలలోనే తెలుగు టైటాన్సువారు ఆతనిని 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొనిరి. అంతకుముందు ఏ ఆటగానికిని అంత వెల రాలేదు. ఒక్కొక్క జట్టు వెచ్చింపదగిన మొత్తమే 5 కోట్లు. అందు సగమునకు పైగా ఒక్కనికే పోయెను. ఆతడు కూతలలో 200కు పైగా పాయింట్లు తెచ్చెను. జట్టు మాత్రము 22 ఆటలలో రెండే గెలిచి అట్టడుగున నిలిచెను. ధనమంతయు ఒక మేలిజాతి యెద్దుకు పెట్టి, దానికి జోడును కొనలేని రైతు సేద్యమెట్టిదో మీకు చెప్పవలెనా? 2024లో ఆ జట్టే ఆతనిని 1 కోటి 72 లక్షల 50 వేలకు నిలుపుకొనెను. ఆ యేడు ఆతడు గాయపడి కొన్ని ఆటలకు దూరమైనను జట్టు 12 ఆటలు గెలిచెను.

అంతకుముందు 2022లో ఆతనిని 2 కోట్ల 26 లక్షలకు కొన్నది తమిళ తలైవాసు జట్టు. మొదటి యాటలోనే మోకాలికి దెబ్బ తగిలి ఆతడు ఆ యేడంతయు ఆడలేకపోయెను. ఐనను ఆ జట్టు సెమీఫైనలు చేరెను.

పెద్దలారా, వేలముపాట వెల పాలమూరు మేస్త్రి యిచ్చు బయానా వంటిది. అది నిరుటి పనిని చూచి యిచ్చునది. రేపటి మోకాలికి పూచీ కాదు. మీ యూరి పిల్లవాడు చావో రేవో కూతలో ఓడి వచ్చినప్పుడు, ఏమి చూచి అడుగు వేసితివని యడుగుడు. సరియైన జవాబు చెప్పినచో భుజము తట్టుడు. ఆటతోపాటు చదువును విడువనీయకుడు. వెల యితరులు కట్టునది, వివేకము తాను సంపాదించుకొనునది.