తుపాకికి కొత్త కర్ర, కొత్త గొట్టం

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ఇంటర్మీడియట్ పాసై, ఈఎమ్ఈలో ఆర్మరర్‌గా చేరి, సుబేదార్‌గా రిటైరైనవాణ్ని. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే మాట వస్తుంది, మైకు ఉంటే తడబడుతుంది. "సాబ్, మీకు తెలిసిన పని గురించే చెప్పండి" అని కార్యదర్శిగారు అన్నారు కాబట్టి ధైర్యం చేశాను. మనలో రిటైరయ్యాక లైసెన్సు మీద తుపాకి ఉంచుకున్నవాళ్లున్నారు. రైఫిల్ క్లబ్బుల్లో చేరినవాళ్లున్నారు. పాతబడిన రైఫిలుకి కర్ర మార్చాలా, గొట్టం మార్చాలా, మారిస్తే ఎలాంటివి ఎంచుకోవాలి అని ఫోన్లు చేస్తుంటారు. అందరికీ కలిపి ఈ రోజు చెప్పేస్తాను. దాంతోపాటు నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా చెప్తాను.

ముందు కర్ర సంగతి. రైఫిలుకి చెక్క అనగానే మనకు గుర్తొచ్చేది వాల్‌నట్, అంటే అక్రోట్ కర్ర. మరీ బరువుండదు, దెబ్బకు తట్టుకుంటుంది, ఒకసారి బాగా ఆరాక ఆకారం పెద్దగా మారదు. ఇక్కడ అండమాన్‌లో ఉన్నవాళ్లు "మన పడౌక్ ఉండగా అక్రోట్ ఎందుకు సాబ్" అంటారు. న్యాయమే. పడౌక్ ఈ దీవుల రాష్ట్ర వృక్షం. మన ఎర్రచందనానికి, వేగిసకి దగ్గరి చుట్టం. 1883 నుంచి నడుస్తున్న చాథమ్ సామిల్లుకి వెళ్తే ఆ ఎర్రటి దుంగల్ని చూడొచ్చు. చెద పట్టదు, అందం చెప్పక్కర్లేదు. అయితే అక్రోట్ కంటే బరువు. నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి ఉలి సాఫీగా సాగదు. పైగా అడవిశాఖ కాగితాలు లేకుండా ముక్క కూడా కదపకూడదు.

ఏ కర్రయినా రెండు చూడండి. ఒకటి నార. మడమకీ యాక్షన్‌కీ మధ్య, చేత్తో పట్టుకునే సన్నని మెడ ఉంటుంది చూశారా, అక్కడ నార పొడుగ్గా, మెడ వెంట సాగాలి. అడ్డంగా తెగి ఉంటే ఒకరోజు ఫైరింగ్‌లో అక్కడే విరుగుతుంది. రెండోది తేమ. ఢిల్లీ ఎండలో ఆరిన కర్రలో నూటికి ఏడెనిమిది పాళ్లు తేమ ఉంటే, ఈ దీవుల గాలిలో అదే కర్ర పదహారు పాళ్ల దాకా పీలుస్తుంది. పొడుగు మారదు కానీ వెడల్పు మారుతుంది. 50 మిల్లీమీటర్ల వెడల్పున్న చెక్క దాదాపు ఒక మిల్లీమీటరు ఉబ్బుతుంది. ఆ ఒక్క మిల్లీమీటరు వెళ్లి గొట్టాన్ని పక్కకి నొక్కితే గుండు ఎటు పోతుందో మీకు చెప్పాలా? మెయిన్‌లాండ్‌లో జీరో చేసుకొచ్చిన రైఫిలు ఇక్కడి వానాకాలంలో దారి తప్పడానికి ఒక కారణం అదే. అందుకే కర్రని ఇక్కడి గాలిలో కొన్ని నెలలు ఉంచి, తర్వాతే చెక్కించండి. లోపల గాడుల్లో కూడా లిన్‌సీడ్ నూనె పట్టించండి. చాలామంది బయట మెరిసేలా రుద్ది లోపల వదిలేస్తారు.

ఫైబర్ కర్ర ఉబ్బదు, కుళ్లదు. సముద్రం పక్కన ఉండేవాళ్లకి అదే సుఖం. చూడ్డానికి ప్లాస్టిక్ కుర్చీలా ఉందని కొందరికి నచ్చదు, అది వేరే మాట.

కర్ర ఏదైనా, గొట్టం దాన్ని తాకకుండా ఉండాలనుకుంటే పరీక్ష చాలా తేలిక. ఒక పదిరూపాయల నోటు తీసుకుని గొట్టానికీ చెక్కకీ మధ్య దూర్చి లాగండి. చాంబర్ దగ్గరి దాకా అడ్డం లేకుండా వస్తే సరే. అయితే అన్ని రైఫిళ్లకీ ఈ సూత్రం పనికిరాదు. పాత .303 లాంటి వాటిలో గొట్టం కావాలనే కొన్నిచోట్ల చెక్కకి ఆని ఉంటుంది. దాన్ని దాని పద్ధతిలోనే కూర్చోబెట్టాలి.

.303 అంటే గుర్తొచ్చింది. ట్రైనింగ్‌లో కొత్తల్లో నేను పాత నంబర్ 1 రైఫిలు మడమ ఊడదీయబోయాను. మడమలోంచి వెళ్లే పొడుగు బోల్టుకి చివర నలుచదరం ఉంటుంది. అది ముందుచెక్కలోని రేకులో ఇరుక్కుని ఉంటుంది. ముందుచెక్క తీశాకే బోల్టు తిప్పాలి. నేను తీయకుండానే తిప్పాను. చెక్క 'ఫట్' మని చీలింది. ఉస్తాద్ ఏమీ అనలేదు. చీలిన చెక్కని నా చేతికిచ్చి సాయంత్రం దాకా మోయించాడు. "ముందు చెక్క తియ్, తర్వాత మాట్లాడు" అని ఒక్కమాట అన్నాడు. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక గొట్టం. అమెరికాలో పొలాలు తవ్వేసే చిన్న జంతువుల్ని దూరం నుంచి కొట్టడానికి వర్మింట్ రైఫిలని ప్రత్యేకంగా చేస్తారు. చిన్న గుండు, పెద్ద వేగం, లావు గొట్టం. లావు గొట్టం నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి వరసగా కాల్చినా గుండు చెదరదు. కానీ భుజాన వేసుకుని నడిచేవాడికి అది నరకం. బెంచీ మీద ఆనించి కాల్చేవాడికి లావుది, నడిచేవాడికి సన్నది. గొట్టంలో మెలిక కూడా గుండుకి తగ్గట్టు ఉండాలి. .22 చిన్న తూటాకి 16 అంగుళాలకి ఒక చుట్టు చాలు, .303 పొడుగు గుండుకి 10 అంగుళాలకి ఒక చుట్టు కావాలి. గుండు ఎంత పొడుగైతే అంత బిగువు మెలిక అన్నమాట.

గొట్టం మార్చాక హెడ్‌స్పేస్ గేజి పెట్టకుండా ఒక్క రౌండు కూడా కాల్చకూడదు. బోల్టు ముఖానికీ తూటా అడుగు ఆనే చోటుకీ మధ్య ఉన్న సందు అది. .303కి సర్వీసులో 64 నుంచి 74 వేల వంతుల అంగుళం దాకా ఒప్పుకునేవాళ్లం. అంతకు మించితే తూటా కేసు చీలి వేడి గ్యాసు మొహం మీదికి రావచ్చు. కొత్త గొట్టానికి ప్రూఫ్ పరీక్ష జరిగి, ముద్ర పడి ఉండాలి. ముద్ర లేని గొట్టాన్ని ఎవడైనా చవగ్గా ఇస్తానంటే దండం పెట్టి వచ్చేయండి.

చట్టం కూడా ఒకమాట. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరు చేసేవాడికి కూడా లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేకుండా గొట్టం కోసి పొట్టి చేయడం నేరం. నంబరు చెరిపేయడం నేరం. మన సర్వీసు తూటాలైన .303, 7.62 పట్టే రైఫిళ్లు సివిల్లో నిషిద్ధ బోరు. అందుకే మనవాళ్ల ఇళ్లలో ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 కనిపిస్తుంది. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే. ఇంకోటి, తుపాకికి లైసెన్సు ఉన్నంత మాత్రాన జంతువుని కొట్టడానికి లైసెన్సు ఉన్నట్టు కాదు. ఇక్కడ మచ్చల జింకల్ని బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలారు, తినే పులి లేక అవి పెరిగిపోయాయి. గ్రేట్ నికోబార్‌లో కోతులు కొబ్బరి తోటల్ని పాడుచేస్తాయి. కడుపు మండుతుంది, నిజమే. కానీ 1972 వన్యప్రాణి చట్టం కింద అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇస్తే తప్ప ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

ఇప్పుడు నా తప్పు సంగతి.

1969 నుంచి ప్రభుత్వం గ్రేట్ నికోబార్‌లో మాజీ సైనికులకి భూములిచ్చి స్థిరపరచింది. పంజాబ్, మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు, మన ఆంధ్ర నుంచి మూడు వందల పైచిలుకు కుటుంబాలు వెళ్లాయి. అడవి కొట్టి కొబ్బరి వేసి, క్యాంప్‌బెల్ బే చుట్టూ ఊళ్లు కట్టుకున్నారు. వాళ్లలో మా శ్రీకాకుళం వైపు పెద్దాయన ఒకరు. పాత ఇన్‌ఫాంట్రీ మనిషి. ఊరి వరసని నేను మావయ్యా అనేవాణ్ని.

2004 డిసెంబరు 26 మీకు నేను చెప్పక్కర్లేదు. ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి లైట్‌హౌస్ నీళ్లలో నిలబడింది. కార్ నికోబార్‌లో మన వైమానిక దళ సోదరులు కుటుంబాలతో సహా పోయారు. మావయ్యకి ఇల్లు పోయింది, తోట పోయింది. అత్తయ్య కూడా పోయింది. నీళ్లు తీశాక బురదలో ఒక ఇనప ట్రంకు దొరికింది. అందులో ఆయన .315 రైఫిలు. ఇంట్లో మిగిలింది అదొక్కటే.

నేనప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో పోస్టింగ్‌లో ఉన్నాను. 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్న ఊరే. కొన్ని వారాల తర్వాత మావయ్య రైఫిలు, ప్లాస్టిక్ కవర్లో లైసెన్సు పట్టుకుని వచ్చాడు. సర్వీసులో ఉండగా బయటివాళ్ల ఆయుధం రిపేరు చేయకూడదు. చూసి చెప్తానన్నాను. ఆయన ముందే పుల్‌త్రూతో లాగి నూనె పెట్టాడు. గొట్టంలోంచి వెలుతురుకి చూశాను. రైఫ్లింగ్ మెరుస్తోంది. కర్ర మాత్రం ఉబ్బి, మెడ దగ్గర సన్నగా చీలింది.

"గొట్టం భేషుగ్గా ఉంది మావయ్యా. కర్ర ఒక్కటి మార్పించుకో, ఇంకో పాతికేళ్లు కాలుస్తావు" అన్నాను. నిజం చెప్పాలంటే ఆయన మొహం చూసి ఒక మంచిమాట చెప్పాలనిపించింది.

ఆయన కాసేపు ఊరుకుని "ముందుచెక్క తీసి చూడలేదు గదా బాబూ" అన్నాడు.

ఉస్తాద్ మళ్లీ వచ్చి ఎదురుగా నిలబడ్డట్టయింది. సిగ్గుపడ్డాను గానీ ఒప్పుకోలేదు. "లోపల బాగుంటే బయట బాగుండదా" అని దబాయించాను. ఆయన వాదించలేదు. ప్రయాణానికి కావలసిన అనుమతి కాగితాలు పెట్టుకుని, విశాఖ ఓడెక్కి, లైసెన్సున్న ఒక గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లాడు. కర్ర తీయగానే తెలిసిందట. చెక్క ఉప్పునీళ్లు పీల్చి గొట్టానికి తడిగుడ్డలా అతుక్కుని ఉంది. చాంబర్‌కి కాస్త ముందు, బయటివైపు, చెక్క కప్పిన మేరకి గొట్టాన్ని తుప్పు గుంటలు గుంటలుగా తినేసింది. పైన కనిపించే భాగమంతా నల్లగా నిగనిగలాడుతోంది.

ఆ తరహా తూటా పేలినప్పుడు చదరపు అంగుళానికి పద్దెనిమిది టన్నుల దాకా ఒత్తిడి పుడుతుంది. అది పుట్టేది సరిగ్గా అక్కడే, ఎడమ చెయ్యి పట్టుకునే చోటుకి వెనక. నా మాట నమ్మి పై నుంచి కొత్త కర్ర బిగించి కాల్చి ఉంటే ఏమై ఉండేదో మీ అందరికీ తెలుసు. కొత్త కర్ర ఆ గుంటల్ని ఇంకా అందంగా కప్పేసేది, అంతే.

కొత్త గొట్టానికి, కర్రకి అయ్యే ఖర్చు విని మావయ్య రైఫిలుని చట్టప్రకారం అప్పగించేశాడు. తిరిగొచ్చి నాకు ఫోన్ చేశాడు. నేను క్షమాపణ చెప్పబోతుంటే, "నా దుఃఖం చూసి అబద్ధం చెప్పావు బాబూ. ఆర్మరర్ ఆ పని చెయ్యకూడదు" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత సర్వీసున్నన్నాళ్లూ, ఎంత తొందర ఉన్నా చెక్క విప్పకుండా ఏ ఆయుధానికీ 'సర్వీసబుల్' అని రాయలేదు. నా కింద పనిచేసిన పిల్లల్ని కూడా రాయనివ్వలేదు. వాళ్లు వెనక నన్ను 'లక్కడ్ సాబ్' అనేవాళ్లని నాకు తెలుసు. అనుకోనీ.

కాబట్టి సోదరులారా, మీ దగ్గర పాత రైఫిలుంటే రేపే లైసెన్సున్న మనిషి దగ్గరికి తీసుకెళ్లి ముందుచెక్క విప్పించి చూడండి. గొట్టం సంగతి తేలాకే కర్ర మాట. గొట్టం పనికిరాదని తేలితే, అది నాన్నగారిదైనా, పెన్షన్ డబ్బుతో కొన్న మొదటిదైనా, దాన్ని కాల్చకండి. మీ పక్కన నిలబడి చూసే మనవడి కళ్లు అంతకంటే విలువైనవి.



జై హింద్.