వీధి హాకీ, ముందరి పళ్ళు



ఆగస్టు నెల ప్రవేశించినది మొదలు నాకు వచ్చు ఉత్తరములలోను, నా దంతవైద్యశాలకు వచ్చు తల్లిదండ్రుల నోటను ఒక్క ప్రశ్నయే మరల మరల వినవచ్చుచున్నది. తమ కాలనీ సంఘమువారు వీధి హాకీ పోటీలు ఏర్పాటు చేయుచున్నారనియు, తమ పిల్లలు ఇంట అడుగకయే పేర్లు ఇచ్చి వచ్చిరనియు, వారిని పంపవచ్చునా, ఏదో యొక మిష పెట్టి ఆపవలెనా యనియు వారి సందేహము. ధ్యాన్‌చంద్ జన్మించిన ఆగస్టు 29వ తేదీని దేశమంతటను క్రీడా దినోత్సవముగా జరుపుకొనుట ఆచారమైనది గనుక, ఆ దినమునకు అటునిటుగా ఇట్టి పోటీలు సాగుట సహజమే. నా సమాధానము నిస్సంశయమైనది: పంపుడు, తప్పక పంపుడు. అయితే పిల్లవాని చేతికి స్టిక్కు ఇచ్చునపుడు వాని నోటికి రక్షణ కూడ ఇచ్చి పంపుడు. నేటి నా ప్రసంగమంతయు ఈ రెండవ మాటను గూర్చియే.

సికింద్రాబాదువారికి హాకీ యననేమో చెప్పనక్కరలేదు. దండువారి మైదానములలోను, లాలాగూడ, మెట్టుగూడ ప్రాంతముల రైల్వే క్వార్టర్ల నడుమను, ఆంగ్లో ఇండియన్ కుటుంబముల ముంగిళ్ళలోను ఈ ఆట తరతరములుగా నడచినదే. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఇచ్చట ముఖ్య కార్యాలయము నెలకొల్పుకొనిన పిదప దీనికి మరియొక ఆశ్రయము ఏర్పడినది. జంటనగరములలో ఆట నేర్చిన ముకేశ్ కుమార్ 1992లో బార్సిలోనాలోను, 1996లో అట్లాంటాలోను, 2000లో సిడ్నీలోను, మూడు ఒలింపిక్ క్రీడలలో దేశము పక్షమున ఆడి వచ్చినాడు. వీధిలో ఐదుగురు చొప్పున చేరి ఆడునది హాకీయా యని పెదవి విరుచు పెద్దలు కొందరు కలరు. ఐదుగురి హాకీకి 2024 జనవరిలో మస్కట్ నగరమున ప్రపంచ కప్పు పోటీలు జరిగినవనియు, మన ఆడపిల్లలు అందు రజతము గెలిచి వచ్చిరనియు వారికి విన్నవించుచున్నాను.

ఇక అసలు విషయము. టెన్నిసు బంతితో ఆడెదరు గదా, దెబ్బలేమి తగులును అని తల్లులు నన్ను అడుగుదురు. మైదానములో వాడు హాకీ బంతి ఇంచుమించు 160 గ్రాముల బరువుగల గట్టి బంతి. అది వీధిలో లేదనుట నిజమే. కాని నా యొద్దకు వచ్చిన నోటి గాయములలో బంతి చేసినవి తక్కువ, స్టిక్కు చేసినవి ఎక్కువ. దీనికి కారణము ఆట తీరులోనే యున్నది. హాకీ వంగి ఆడవలసిన ఆట. బంతికై ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా వంగినపుడు వారి ముఖములు నడుము ఎత్తుననే యుండును. తారురోడ్డు మీద టెన్నిసు బంతి మోకాలు దాటి ఎగురును. ఎగిరిన బంతిని కొట్టుటకు, దినమంతయు క్రికెట్టు బ్యాటుతో అలవాటు పడిన చేయి, స్టిక్కును వెనుకకు లాగి గాలిలో విసరును. బంతి తప్పినను తగిలినను ఆ స్టిక్కు ఆగదు, ఎదుటివాని ముఖము వంగియున్న ఎత్తునకే వచ్చి తగులును. పైగా వీధిలో గోలు ముందర డి యను గీత గీయరు, ఎచ్చటనుండి కొట్టినను గోలే యందురు గనుక ప్రతి దెబ్బయు బలముగానే పడును. వర్షాకాలము, రోడ్డు తడి, కాలు జారుట వీనిని గూర్చి వేరుగా చెప్పనేల?

ఒక ఉదంతము చెప్పెదను. దీనిని నేను పలుమారు పలుచోట్ల చెప్పితిని, ఇంకను చెప్పుచునేయుందును. ఒక ఆదివారము సాయంకాలము వాన వెలిసిన పిమ్మట, రైల్వే క్వార్టర్ల సందులో పిల్లలు ఆడుచుండగా, పదునాలుగేండ్ల బాలుని పైదౌడకు స్టిక్కు తగిలినది. పెదవి చీలినది, ముందరి పళ్ళలో ఒకటి సగము విరిగినది, దాని ప్రక్కది వేరుతో సహా ఊడి రోడ్డున పడినది. ఆ బాలుని మేనమామ అచ్చటనే యుండెను. ఆయన బుద్ధిశాలి, స్థిరచిత్తుడు. అందరును రక్తము చూచి కేకలు వేయుచుండగా ఆయన మాత్రము నేల వెదకి పన్నును చేజిక్కించుకొనెను. పిల్లవానిని మొదట పెదవికి కుట్లు వేయించుటకు ఒక ఆసుపత్రికి కొనిపోయి, అచ్చట వరుసలో కూర్చుండి, పని ముగించుకొని, పిమ్మట నా యొద్దకు వచ్చెను. నేను పన్నేదని అడిగితిని. ఆయన జేబులోనుండి చిన్న మూట తీసి, "జాగ్రత్తగ తెచ్చిన సార్. మట్టంటింది గదా, నల్ల కింద సబ్బుతోటి మంచిగ రుద్ది కడిగిన. మల్ల ఎక్కడ పడిపోతదో అని దస్తీల మూట గట్టిన," అనెను. పన్ను ముత్యమువలె తెల్లగా మెరయుచున్నది. ఆ తెలుపు చూడగానే నాకు మనసు క్రుంగినది. ప్రక్కన నిలిచిన తల్లి, "మా పోరని పన్ను మల్ల నిలబడ్తదా సార్?" అని అడుగగా వెంటనే నోట మాట రాలేదు.

ఏల యందురా? పంటి వేరు చుట్టును కంటికి ఆనని మెత్తని పొర యొకటి యుండును. పన్నును ఎముకతో పట్టి యుంచునది అదియే, ఊడిన పన్ను తిరిగి అతుకుటకు ఆధారమును అదియే. నాటుటకు పీకిన నారు వేళ్ళను తోమి కడిగి ఎండలో ఆరబెట్టి, ఆ తరువాత మడిలో గ్రుచ్చినచో ఎట్లుండునో, ఆ పొరను తోమివేసిన పన్నును దౌడలో నాటుటయు అట్లేయుండును. గాలికి ఆరినచో ఆ పొరలోని కణములు నిమిషనిమిషమునకు నశించుచుండును. పొడిగా గంటసేపు గడచినచో బ్రదికినవి లేనట్లే. మేనమామ చూపిన శ్రద్ధలో లోపము లేదు. ఏమి చేయవలెనో ఆయనకు అంతకుముందు ఎవరును చెప్పియుండలేదు. నేను రేడియో మైకు ముందు కూర్చుండుటకు కారణము ఇదియే.

నేను ఆ పన్నును అమర్చితిని. ప్రక్క పళ్ళకు సన్నని తీగతో కట్టి, కొన్ని వారముల తరువాత తీగ తీసి, లోపలి నరమునకు చికిత్స చేసితిని. చూచుటకు నిలిచినది. కాని పొర చచ్చిన వేరు ఎముకతో నేరుగా అంటుకొనును, ఆ పిమ్మట ఎముకయే వేరును కొంచెము కొంచెముగా కరగించుకొనును. పెరుగుచున్న బాలుడు గదా; దౌడ పెరిగినది, మిగిలిన పళ్ళు దిగినవి, ఆ పన్ను మాత్రము ఎక్కడనున్నది అక్కడనే నిలిచి పొట్టిగా కనబడసాగినది. ఇంటరు చదువు ముగియులోపల దానిని తీసివేయవలసి వచ్చినది. దౌడ ఎదుగుదల పూర్తిగా ఆగువరకు స్థిరమైన కృత్రిమ దంతము బిగించుట తగదు గనుక, నవ్వవలసిన వయసులో ఆ బాలుడు తీసి పెట్టుకొను పన్నుతో కాలము గడిపినాడు.

కనుక శ్రోతలారా, ఈ మాట వినుడు. పన్ను ఊడినచో వేరును ముట్టవలదు. నోటిలో మనకు కనబడు తెల్లని భాగమును మాత్రమే పట్టుకొనుడు. మన్ను అంటినచో చల్లని పాలతోగాని, ధారగా పడు నీటితోగాని కొన్ని క్షణములు అట్లే కడుగుడు. తోమవలదు, గీకవలదు, సబ్బు వలదు, పసుపు వలదు, దస్తీలో చుట్టవలదు. పిల్లవాడు తెలివిగా, నిబ్బరముగా ఉన్నచో అప్పటికప్పుడే దాని గుంటలో అదే వైపునకు మెల్లగా నిలిపి, శుభ్రమైన గుడ్డను మడచి మెత్తగా కొరికి పట్టుమనుడు. ఇంతకు మించిన చికిత్స నా యొద్దను లేదు. అంతటి ధైర్యము చాలనిచో పన్నును పాలలో వేసి, అరగంటలోపల దంతవైద్యుని చేరుడు.

పాలు ఎందులకు, నీళ్ళు చాలవా యందురు. నీటిలో ఆ కణములు ఉబ్బి పగిలిపోవును. పాలలోని లవణముల సాంద్రత మన శరీర ద్రవములకు దగ్గరగా ఉండుటచే అందు కొన్ని గంటలు నిలువగలవు. పాలు దొరకని ఊరా మనది? ఏ కిరాణా కొట్టు ఫ్రిజ్జులో చూచినను ప్యాకెట్టు ఉండును. కాని జ్ఞాపకముంచుకొనుడు, చల్లని పచ్చిపాలు లేక కాచి చల్లార్చిన పాలు మాత్రమే. ఎదుట ఇరానీ హోటలు కనబడినదని మరుగుచున్న పాలు తెచ్చి అందులో వేసెదరేమో, అది తోముటకంటెను హానికరము. చక్కెర కలిపిన పాలును వలదు. పాలు అందువరకు పిల్లవాని ఉమ్మియే ఒక గ్లాసులో పట్టి అందులో పన్నును తడిగా నుంచవచ్చును. ఏదియు లేనప్పుడు నీరైనను మేలే, ఎండిపోవుటకంటె.

అల్వాలులో ఒక బాలికకు ఇట్లే జరిగినపుడు, కిరాణా కొట్టులో కూర్చుండు ఆమె నాయనమ్మ గల్లపెట్టె విడిచి పరుగున వచ్చి, పన్నును తెల్లని భాగమున పట్టుకొని పాల ప్యాకెట్టు చించి అందులోనే జారవిడిచి, ఆటో ఎక్కించి పంపినది. ఆ ముసలమ్మ చదువుకొనినది కాదు. ఎప్పుడో ఎవరో చెప్పగా విన్నది, విన్నది మరువలేదు. ఆ పన్ను నేటికిని దాని చోటనే యున్నది, వేరునకు హాని లేదు.

ఒక భేదము చెప్పవలెను. ఆరేడేండ్లలోపు పిల్లల ఊడిన పన్ను పాలపన్ను అయినచో దానిని తిరిగి నిలుపుటకు ప్రయత్నింపరాదు. క్రింద ఎదుగుచున్న పన్నునకు హాని కలుగవచ్చును. అయినను చిన్నవానికి ఊడినది పాలపన్నో, శాశ్వతదంతమో మీకు మీరే నిర్ణయించుకొనక పన్నుతో సహా వైద్యునికి చూపుడు. ఇక పిల్లవాడు స్పృహ తప్పినను, వాంతి చేసికొనినను, దౌడ మూయలేకపోయినను పన్ను సంగతి తరువాత, ముందు పెద్దాసుపత్రి. ధనుర్వాతపు సూది వేయించుటయు మరువరాదు.

ఇది గాయమైన తరువాతి మాట. ముందటి మాట మౌత్ గార్డు. అంతర్జాతీయ హాకీ నియమావళి గోల్ కీపరునకు శిరస్త్రాణము విధించినది; మిగిలిన ఆటగాండ్రకు పిక్కలకు, చీలమండలకు, నోటికి రక్షణ ధరింపుమని సిఫారసు మాత్రమే చేసినది. ఉమ్మడి చిత్తూరు జిల్లానుండి వచ్చి భారత మహిళాజట్టున గోల్ కీపరుగా నిలిచిన రజని, తలనుండి పాదము వరకు కప్పుకొనియే గోలు ముందు నిలుచును. మన వీధి గోల్ కీపరు రెండు చెప్పుల జతల నడుమ ముఖము తెరచుకొని నిలుచును. పెద్దల నియమావళి సిఫారసు చేసినదానిని మన కాలనీ సంఘములు నిబంధనగా చేయవలెనని నా విన్నపము: మౌత్ గార్డు లేనివాడు ఆటలోనికి దిగరాదు. ఆటసామానుల దుకాణములలో, వేడినీటిలో ముంచి మెత్తబడిన పిమ్మట కొరికి అమర్చుకొనునవి దొరకును. మొదటి పోటీకి అవి చాలును. ఏటేట ఆడు పిల్లలకు దంతవైద్యుడు పళ్ళ అచ్చు తీసి చేసి ఇచ్చునది మేలు, అది ఊడదు, మాట్లాడుటకును అడ్డురాదు. పళ్ళు మారు వయసులో ఏడాదికొకసారి మార్పించుడు. వేడికారులో పడవేసినచో వంకరపోవును.

మిగిలినవి త్వరగా చెప్పెదను. పిక్కలకు ప్యాడ్లు, కాలికి జారని బూట్లు, చెప్పులతో ఆటవలదు. వీధికి ఇరువైపుల బారికేడ్లు పెట్టి, పోలీసువారికి ముందుగా తెలుపుడు. మ్యాన్ హోలు మూతలు చూచుకొనుడు. తడిసిన రోడ్డు ఆరువరకు ఆట ఆపుడు. అరిగి చీలిన కఱ్ఱ స్టిక్కులను పక్కన పెట్టుడు. భుజము ఎత్తునకు స్టిక్కు లేపినవానిని మొదటిసారి హెచ్చరించి, రెండవసారి బయటకు పంపుటకు జంకని పెద్దమనిషిని అంపైరుగా నియమింపుడు. తన కుమారుడు ఆడు ఆటకు ఆయన అంపైరుగా ఉండరాదు. నీరు త్రాగించుడు. ఇవి మీకు తెలిసినవే.

నాకు ముఖ్యము ఆ పాలే. పోటీ జరుగు దినమున అంపైరు బల్లమీద విజిలు, స్కోరు పుస్తకములతో పాటు ఐసు పెట్టెలో ఒక చల్లని పాల ప్యాకెట్టు, మూతగల శుభ్రమైన చిన్న డబ్బా యొకటి ఉంచుడు. ఆదివారము సాయంకాలము తెరచియుండు దంతవైద్యశాల ఏదో ముందునాడే ఫోను చేసి కనుగొని, ఆ నంబరు డబ్బా మూతపై వ్రాసి అంటింపుడు. వేరు ముట్టరాదు, తోమరాదు, ఎండనీయరాదు అను మూడు మాటలను ఆట మొదలగుటకు ముందు జట్లు రెండును వరుసగా నిలిచినపుడు పిల్లలచేతనే చెప్పింపుడు; పెద్దలు కంగారుపడు వేళ పిల్లలే గుర్తుచేసిన సందర్భములు నేనెరుగుదును.

పళ్ళకు తీగలు కట్టించుకొనియున్న పిల్లలు ఆడవచ్చునా యని సీతాఫల్‌మండి నుండి ఒక తల్లి వ్రాసినది. ఆడవచ్చును, కాని వారికి దుకాణపు మౌత్ గార్డు సరిపడదు. తీగలు కట్టిన వైద్యునియొద్దనే కొలత ఇచ్చి చేయించుకొనవలెను. అచ్చు తీసి తయారు చేయుటకు కొన్ని దినములు పట్టును గనుక, 29వ తేదీ పోటీకి ఈ వారములోనే బయలుదేరుడు.