గ్రామ కవిలెలు – మన కర్తవ్యము



మీ ఊరి చెరువును ఎవరు త్రవ్వించిరి? దేవుని మాన్యమును ఎవరిచ్చిరి? ఇట్టి ప్రశ్నలకు సమాధానము పూర్వము కరణముల కవిలెలలో నుండెడిది. కల్నల్ మెకంజీ కొలువులోని కావలి బొర్రయ్య, 1803లో ఆయన గతించిన పిదప సోదరుడు లక్ష్మయ్య, తమ సహాయకులచే ఊరూర వ్రాయించిన వృత్తాంతములే నేటి కైఫీయతులు. నాటి గ్రామస్థులు కవిలె కట్టలు విప్పి చూపినందుననే అవి మనకు దక్కినవి. ఇండ్లలో మిగిలిపోయిన మూల కవిలెలు అనేకము చెదలపాలైనవి.

1984లో కరణీకములు రద్దయినవి. భూమి లెక్కలు ప్రభుత్వమునకు చేరినను, పూర్వుల తాటాకు గ్రంథములు, దానపత్రములు కొన్ని ఇండ్ల అటకలపైననే ఉండిపోయినవి. అవి చిత్తు కాగితములతోపాటు తూకమునకు పోకుండ కాపాడుట మన బాధ్యత. హైదరాబాదు తార్నాకలోని పురాలేఖ భాండాగారమున షాజహాను, ఔరంగజేబుల కాలపు కాగితములు సైతము నేటికిని భద్రముగా నున్నవి.

కావున మేము మిమ్ము కోరునది ఇది. పంచాయతీలో తీర్మానము చేసి, గ్రామమందలి పాత పత్రముల జాబితా వ్రాయించుడు. చిరిగిన ఆకులను జిగురుతో అతికింపక, పొడి గుడ్డలో చుట్టి ఉంచుడు. రాష్ట్ర పురాలేఖ శాఖకు జాబు వ్రాయుడు. యజమాని సమ్మతి లేనిదే ఏ పత్రమును తీసికొనరాదు. ఇచ్చినదానికి రసీదు పొందవలెను. మూలము నిచ్చుటకు మనసొప్పనివారు ఛాయాచిత్రములకైనను అనుమతింపవచ్చును. పేదకుటుంబము అమ్మదలచినచో, ఊరివారు చందా వేసికొని, కొని, భాండాగారమునకు సమర్పింపవచ్చును.

చెరువుగట్టు తెగినచో మరల పోసికొనగలము. కాలిన కవిలెను మరల వ్రాయగలవారు లేరు.