జౌగడలో చెక్కని శాసనం

ఏ మాస్టారి పేరిట ఆమదాలవలసలో ఈ స్మారకోపన్యాసం ఏర్పాటైందో ఆయన గురించి నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. ఆయన దగ్గర చరిత్ర చదువుకున్నవాళ్లు ఈ సభలోనే ఎందరో ఉన్నారు. అందుకని ఆయన గుణగణాల వర్ణన జోలికి నేను పోను. ఆయన పాఠంలో ఒక్క వాక్యంతో మాత్రం నాకు చాలా ఏళ్లుగా పేచీ ఉంది. కళింగ యుద్ధం ముగిశాక అశోకుడు రణరంగం చూసి చలించిపోయాడనీ, కళింగులను క్షమాపణ వేడుకున్నాడనీ, ఆ పశ్చాత్తాపంతోనే ఈ దేశంలో శాంతి నెలకొందనీ ఆయన చెప్పేవారు. ఆయనొక్కరే కాదు, పాఠ్యపుస్తకాలూ అదే చెప్పాయి, ఇప్పటికీ చెబుతున్నాయి. ఎదురువాదన వినడం మాస్టారికి ఇష్టమని అందరూ అంటారు గనుక, మీరు చేసిన గౌరవానికి బదులుగా ఆ పేచీనే ఈ సాయంత్రం మీ ముందు పెడుతున్నాను.

యుద్ధం సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి రెండు మాటల్లో ముగిస్తాను. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు, అంటే క్రీ.పూ. 261 ప్రాంతంలో, అశోకుడు కళింగను జయించాడు. లక్ష మంది హతులయ్యారనీ, లక్షా యాభై వేల మందిని పట్టుకుపోయారనీ, అంతకు ఎన్నో రెట్లు తర్వాత చనిపోయారనీ తన పద్నాలుగు శిలాశాసనాల వరసలోని 13వదానిలో ఆయనే చెప్పుకున్నాడు. ఈ అంకెలు మరీ గుండుగుత్తగా ఉన్నాయని అనుమానించేవారున్నారు. ఉండనివ్వండి, అంకె సగమే నిజమైనా నా వాదన మారదు. 1837లో ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని ఛేదించినప్పటి నుంచి ఈ శాసనం లోకాన్ని ఆకట్టుకుంది. గెలిచిన రాజు గెలిచినందుకు దుఃఖపడటం ప్రపంచ చరిత్రలో అరుదు. హెచ్.జి. వెల్స్ అశోకుణ్ణి ఆకాశానికెత్తడం వెనకా ఈ దుఃఖమే ఉంది. ఆ దుఃఖం నిజమా నటనా అని అడిగేవారితో నాకు పని లేదు. రాజు మనసులోకి దూరి చూడటం చరిత్రకారుడి వల్ల అయ్యే పని కాదు. శాసనం ఎక్కడ చెక్కారో, ఎక్కడ చెక్కలేదో చూడటం మాత్రం అతని పనే.

గుజరాత్‌లోని గిర్నార్‌లో ఆ పదమూడో శాసనం ఉంది. డెహ్రాడూన్ దగ్గర కాల్సీలో ఉంది. ఇప్పటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీ, మాన్‌సెహ్రాల్లో ఉంది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండ మీదా ఉంది. ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్‌లో 1963లో దొరికిన రాతి మీద ఆ శాసనం మొదటి భాగం గ్రీకు భాషలో ఉంది. కళింగలో ఎంతమంది చచ్చారో, రాజు ఎంత బాధపడ్డాడో కాందహార్‌లోని గ్రీకువాడు తన భాషలో చదువుకోగలిగాడన్నమాట. కళింగలో అశోకుడు శాసనాలు చెక్కించిన చోట్లు రెండు. ఒకటి భువనేశ్వర్ దగ్గరి ధౌళి, అప్పటి తోసలి. రెండోది మనకు మరీ దగ్గరిది. ఇచ్ఛాపురం దాటి బరంపురం మీదుగా వెళితే రుషికుల్య ఒడ్డున వస్తుంది జౌగడ, అప్పటి సమాపా. జౌ అంటే లక్క. కౌరవులు కట్టిన లక్కకోట అదేనని అక్కడివారు చెప్పుకుంటారు. 1850లో వాల్టర్ ఇలియట్ ఆ శాసనానికి నకలు తీయించిన నాటికి జౌగడ మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉంది. ఈ శ్రీకాకుళం ప్రాంతం కూడా 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా ఆ జిల్లాలోదే. కాబట్టి జౌగడ రాయి పరాయిదని ఎవరూ అనుకోవద్దు. ఆ రెండు చోట్లా ఒకటి నుంచి పది వరకు శాసనాలున్నాయి, పద్నాలుగోదీ ఉంది. 11, 12, 13 లేవు. ఎవరి చావుల లెక్క ఆ పదమూడో శాసనంలో ఉందో, వాళ్ల ఊళ్లలోనే అది లేదు.

వాటి బదులు ఏమున్నాయి? పండితులు ప్రత్యేక శాసనాలని పిలిచే రెండు శాసనాలున్నాయి. మొదటిది తోసలి, సమాపా నగరాల్లో న్యాయవిచారణ చూసే మహామాత్రులనే ఉన్నతాధికారులకు చేసిన ఆజ్ఞ. మనుషులంతా తన బిడ్డలని రాజు అక్కడే అన్నాడు. సభల్లో ఆ ఒక్క మాట చెప్పి చప్పట్లు కొట్టించుకుని దిగిపోతాం గానీ అసలు విషయం ఆ తర్వాత వస్తుంది. కారణం లేకుండా ఒకణ్ణి ఖైదులో వేస్తారు, హింసిస్తారు, దానివల్ల ఇంకా చాలామంది బాధపడతారు, అలా జరగకుండా చూడమంటాడు. అధికారి చేత అన్యాయం చేయించే గుణాలు ఏడింటిని పేరుపేరునా చెబుతాడు: ఈర్ష్య, కోపం, కాఠిన్యం, తొందర, చేసే పని మీద పట్టు లేకపోవడం, సోమరితనం, అలసట. ఈ జాబితా దగ్గర కాసేపు ఆగండి. కోపాన్నీ కాఠిన్యాన్నీ ఏ నీతిగ్రంథమైనా నిందిస్తుంది. తొందరనూ అలసటనూ వాటి సరసన కూర్చోబెట్టాలంటే విచారణ గది లోపల ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి. పొద్దుపోయింది, కట్టలు మిగిలిపోయాయి, ఎదుట నిలబడ్డవాడు మళ్లీ మళ్లీ అదే మాట చెబుతున్నాడు. అధికారి దుర్మార్గుడు కానక్కర్లేదు, అలసిపోతే చాలు, ఒక మనిషి జైలుకు పోతాడు. ఇలా జరగకుండా చూడటానికి అయిదేళ్లకోసారి నెమ్మదస్తుడైన ఒక అధికారిని తనిఖీకి పంపుతాననీ, ఉజ్జయిని నుంచి రాజకుమారుడు కూడా మూడేళ్లు మించకుండా అలాగే పంపుతాడనీ, తక్షశిల నుంచీ అంతేననీ రాజు మాటిచ్చాడు.

ఇప్పుడు అసలు తగాదాకు వస్తాను. పదమూడో శాసనాన్ని కళింగలో ఎందుకు వదిలేశారు? మానుతున్న పుండును కెలకడం ఎందుకన్న రాజనీతి వల్లనేనని ఎక్కువమంది చెప్పే సమాధానం. దానికి ఎదురుగా ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. వదిలేసింది పదమూడొకటే కాదు గదా! పదకొండు ధర్మదానం గురించి, పన్నెండు మతాల మధ్య సామరస్యం గురించి. ఆ రెండూ ఏ పుండునూ కెలకవు. మూడూ కలిసే పోయాయంటే ఒకే కట్టలో ఉన్న పత్రాలు రాలేదో, రాతి మీద చోటు సరిపోలేదో, లేఖకుడి సౌకర్యమో అయివుంటుంది. దాన్లో రాజనీతిని వెతకడం మన ఊహ. 1925లో హుల్చ్ అశోక శాసనాల సంపుటాన్ని ప్రచురించేనాటికి ఈ అభ్యంతరానికి రాతి మీది జవాబు లేదు. అప్పటికి ఎర్రగుడి బయటపడలేదు, కాందహార్ బయటపడలేదు. అదే ఏడు వచ్చిన భండార్కర్ గ్రంథానికీ, 1961లో అశోకుడి ధర్మాన్ని భిన్న జనాలను ఒక తాటి మీదకు తెచ్చే విధానంగా విశ్లేషించిన రొమిలా థాపర్ గ్రంథానికీ నేను రుణపడి ఉన్నాను. కానీ ఆ తర్వాత బయటపడిన ఒక రాయిని ఈ ప్రశ్న ముందు పెట్టవలసినంత గట్టిగా మనవాళ్లు పెట్టలేదన్నదే నా ఫిర్యాదు.

ఆ రాయి కర్ణాటకలోని కలబురగి జిల్లా సన్నతిలో, భీమా నది ఒడ్డున, చంద్రలాంబ ఆలయ ప్రాంగణంలో ఉంది. 1986లో అక్కడి కాళికాలయం కప్పు కూలింది, విగ్రహం దెబ్బతింది. విగ్రహం కింది పీఠం చూస్తే రెండు వైపులా బ్రాహ్మీ అక్షరాలున్న పలక. విగ్రహాన్ని నిలబెట్టడానికి దాన్ని మధ్యలో తొలిచేశారు, ఆ తొలుపులో ఎన్నో అక్షరాలు పోయాయి. మిగిలిన భాగంలో ఏముంది? పన్నెండో శాసనం ఉంది, పద్నాలుగోది ఉంది. పదమూడు కనిపించదు. రెండో వైపు కళింగ ప్రత్యేక శాసనాలు రెండూ ఉన్నాయి! దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతున్నాయి. పన్నెండు ఉండి పదమూడు లేకపోవడం సాధ్యమైందంటే, ఆ మూడూ ఒకే కట్టగా తప్పిపోయాయన్న వాదం నిలవదు. పదమూడును దానికదే పక్కన పెట్టినవారున్నారు. రెండోది, పదమూడు లేనిచోట ప్రత్యేక శాసనాలు ఉన్నాయి. ధౌళిలో అంతే, జౌగడలో అంతే, సన్నతిలోనూ అంతే. మూడు చోట్ల ఒకేలా జరిగితే దాన్ని లేఖకుడి మతిమరుపనడం కష్టం.

సన్నతి కళింగ కాదు గదా, కళింగకు వెళ్లవలసిన ప్రతి పొరపాటున అక్కడికి చేరి ఉంటుంది అన్న వాదం ఒకటుంది. ఒప్పుకుందాం. పొరపాటున చేరడానికైనా అలాంటి ప్రతి ఒకటి ముందే తయారై ఉండాలి గదా. పదమూడు తీసేసి, దాని చోట ప్రత్యేక శాసనాలు రెండూ చేర్చిన ప్రతి. అది జౌగడ శిల్పి చేసే పని కాదు, పాటలీపుత్రంలో జరగవలసిన పని. పొరపాటు కాదంటారా, అప్పుడు సన్నతి ప్రాంతపు అధికారులకూ ఇదే కట్టుబాటు అవసరమని రాజు భావించాడనాలి. ఎటు చూసినా ఆ మార్పిడి తెలిసి చేసిందే. పదమూడు ఉన్న చివరి భాగం విరిగిపోయి ఉండవచ్చు గదా అనేవారికి ఒకటే జవాబు: విరిగిన చోట ఏముందో నేనూ చెప్పలేను, వాళ్లూ చెప్పలేరు. ఉన్న అక్షరాల వరసే నాకు ఆధారం.

తెలిసి చేసిన మార్పిడి అయితే దాని అర్థమేమిటి? ఇక్కడ నాకు రెండు వైపులా ప్రత్యర్థులున్నారు. ఒకరు మాస్టారి వైపువారు. క్షమాపణ అడిగాడంటారు. క్షమ అన్న మాట కళింగ రాళ్ల మీద ఉంది, నిజమే, రెండో ప్రత్యేక శాసనంలో. అయితే అక్కడ క్షమించేవాడు రాజు. ఇంకా జయించని సరిహద్దు జనాలు భయపడనక్కర్లేదనీ, క్షమించదగినంత వరకు రాజు క్షమిస్తాడనీ చెప్పమన్నాడు. కళింగులను క్షమాపణ అడిగినట్టు ఒక్క అక్షరం లేదు. రెండోవారు, దుఃఖమంతా బయటివాళ్లకు చూపించుకున్న వేషమనీ, కళింగకు చెప్పకపోవడమే దానికి రుజువనీ అంటారు. పదమూడో శాసనంలోనే అడవి జనాలకు తన బలం గుర్తుచేసి హెచ్చరించాడు గదా అంటారు. ఆ హెచ్చరిక నిజం, దాన్ని దాచిపెట్టి పాఠం చెప్పడం తప్పు. కానీ యుద్ధంలో ఎంతమంది పోయారో కళింగ పల్లెకు రాజు చెప్పాలా? ఎవరింట్లో ఎవరు లేరో ఆ పల్లెకు తెలుసు. దానికి తెలియనిది రేపు ఉదయం తలుపు కొట్టే భటుడు ఏం చేస్తాడన్నది. జౌగడ రాయి జవాబు చెప్పింది ఆ భయానికి. యుద్ధం తర్వాత శాంతి అంటే నేను అర్థం చేసుకున్నది ఇదే: ఓడినవాడి ఒంటి మీద చెయ్యి వేసే అధికారం ఎవరికుందో, ఆ అధికారికి పగ్గం వేయడం.

అవి అధికారులకు పంపిన ఆజ్ఞలు, జనానికేం తెలుస్తాయి అన్న ప్రశ్న వస్తుంది. జవాబు ఆ మొదటి ప్రత్యేక శాసనంలోనే ఉంది. తిష్య నక్షత్రపు రోజున దీన్ని చదివి వినిపించాలి, మధ్యలోనూ వినిపించవచ్చు, వినేవాడు ఒక్కడే ఉన్నా వినిపించాలి అని ఉంది. తన అధికారికి రాజు పెట్టిన హద్దును ఆ అధికారి నోటనే ఓడిన జనానికి వినిపించే ఏర్పాటు ఇది. 1919 వెర్సాయ్ ఒప్పందంలో యుద్ధం తాలూకు బాధ్యతను ఓడిన జర్మనీ చేత ఒప్పించారు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఏమైందో మనకు తెలుసు. ఒప్పుకోళ్ల మీద శాంతి కట్టాలనుకునేవారు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

అయితే నా వాదం అశోకుణ్ణి పూర్తిగా కాపాడదు. కాపాడాలన్న కోరికా నాకు లేదు. పట్టుకుపోయిన లక్షా యాభై వేల మంది తిరిగి వచ్చారని ఏ రాయీ చెప్పదు. వాళ్లను వదిలిపెట్టమన్న ఆజ్ఞ జౌగడలో లేదు, పశ్చాత్తాపం నిండుగా ఉన్న షాబాజ్‌గఢీలోనూ లేదు. ఖైదు గురించి అంత సూక్ష్మంగా ఆలోచించిన రాజు ఈ మాట ఎత్తలేదు. తర్వాతి కాలపు కళింగ రాజు ఖారవేలుడు హాథీగుంఫా శాసనంలో నందరాజు ఎత్తుకుపోయిన జినమూర్తిని వెనక్కి తెచ్చానని ప్రకటించుకున్నాడు. ధౌళికి అంత దగ్గరలో చెక్కించి కూడా అశోకుడి యుద్ధం ఊసెత్తలేదు. ఆ మౌనాన్ని మరుపనాలో, మానడం అనాలో నాకింకా తేలలేదు. విగ్రహం తిరిగొచ్చిన సంగతి ఉంది, మనుషుల సంగతి లేదు. కళింగ శాంతిలో మిగిలిన లోటు ఇది.

ఆ రాళ్లు చెప్పినదీ చెప్పనిదీ మన భాషలోనే చదివి తేల్చుకోవాలని కొంతకాలంగా జౌగడ ప్రత్యేక శాసనాలు రెంటినీ మాట మాటకు అర్థంతో తెలుగులోకి తెస్తున్నాను. ఆమదాలవలస పక్కనున్న దంతవక్త్రుని కోటే బౌద్ధుల దంతపురమా కాదా అన్న చర్చ మీకు ప్రియమని తెలుసు. అక్కడ అశోకుడి అక్షరం ఒక్కటీ దొరకలేదు గనుక ఈ సాయంత్రం దాన్ని పక్కన పెడదాం. అక్షరం ఉన్న జౌగడను ముందు చదువుదాం. 1919లో శాలిహుండం స్తూపాన్ని వెలుగులోకి తెచ్చిన గిడుగు రామమూర్తిగారు పుట్టిన జిల్లా ఇది. ఆయన జీవితమంతా పోరాడిన మాట వ్యావహారికం. జౌగడ శాసనం విచారణాధికారులను పిలిచిన మాట ‘వియోహాలక’, అంటే వ్యవహారకులు. తూర్పు ప్రాకృతంలో రకారం లకారమవుతుంది, రాజు ‘లాజా’ అవుతాడు. కోర్టు వ్యవహారం అని మనం ఇప్పటికీ అంటున్నాం కాబట్టి ఆ మాటకు ఇబ్బంది లేదు. ఇబ్బంది పెడుతున్నది ‘మజ్ఝం’. అధికారులు కోరుకోవలసింది అదేనని రాజు అన్నాడు. నిష్పాక్షికత అని సంస్కృతంలో పెట్టేస్తే పని అయిపోతుంది గానీ విన్నవాడికి ఏమీ అందదు. ఊళ్లో ఇద్దరు తగువు పడితే పెద్దమనిషి చేసేదాన్ని మనం మధ్యస్తం అంటాం. శబ్దం అదే, అర్థం కూడా దాదాపు అదే. అయితే మధ్యస్తం చేసేవాడు రెండు పక్షాలకూ బయటివాడై ఉండాలి. కళింగలో విచారణకు కూర్చున్న అధికారి గెలిచిన పక్షం మనిషి. అలాంటివాణ్ణి మధ్యస్తం చెయ్యమని ఆజ్ఞాపించడం తెలుగులో వినేవాడికి సబబుగా తోస్తుందా అన్నదే నా సంశయం. ఆ మాటను ప్రస్తుతానికి పెన్సిలుతో రాసి ఉంచాను. ఇంతకన్నా మంచి మాట ఈ ఊరి తగువుల్లో ఎక్కడైనా వాడుకలో ఉంటే, సభ ముగిశాక నాకు చెప్పి పంపించండి.