బండి యింట మూడు రాత్రులు

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



నిరుడు వేసవిలో అమెరికాలో నున్న మా అమ్మాయి యింటికి వెళ్ళినపుడు, పెన్సిల్వేనియా రాష్ట్రమున లాంకాస్టరు జిల్లాలోని స్ట్రాస్‌బర్గు అను చిన్న పాత ఊరి చెంత మూడు రాత్రులు బండిలో కాపురముంటిమి. ఆ సంగతులు చెప్పుమని కార్యదర్శిగారు కోరినారు.

ఆర్.వి. యనునది చక్రములపై నున్న యిల్లు. లోపల పొయ్యి, నీళ్ళతొట్టి, పడకలు, స్నానపుగది యుండును. కొన్నిటికి సొంత ఇంజను కలదు. కొన్నిటిని కారు వెనుక తగిలించి లాగుకొనిపోవుదురు. మాది అద్దెకు తెచ్చిన రెండవ రకము. ఇట్టి బండ్లు నిలుపుకొనుటకు ఊళ్ళ వెలుపల ప్రత్యేకముగా విడుదులు కలవు. ఒక్కొక్క బండికి కొంత చోటు, ఒక బల్ల, నిప్పు వేసికొనుటకు ఇనుప చుట్టు, కరెంటు స్తంభము, నీటి కొళాయి, మురుగు విడుచు తావు ఇత్తురు. తొట్లు ఖాళీ చేయునపుడు ముందు మరుగుదొడ్డి తొట్టిని, పిమ్మట వంటనీళ్ళ తొట్టిని విడువవలెను. ఆ నీరే గొట్టమును కడుగును. ఈ క్రమము నాకు మిక్కిలి నచ్చినది.

మా మనుమనికి ఎనిమిదేండ్లు. తెలుగు అర్థమగును, బదులు ఇంగ్లీషున చెప్పును. ఇంట వానికొక గది, నాకొక గది. బండిలో అట్టి వీలు లేదు. గొట్టము బిగించుటకు, పుల్లలు పేర్చుటకు నాకు వాడే తోడు. పని సాగవలెనన్న మాట సాగవలెను గదా! రెండవనాటి సాయంకాలమునకు, "తాతయ్యా, మూత గట్టిగా పెట్టు" అని నన్నే ఆజ్ఞాపించినాడు. ఇల్లు చేరిన మరునాడు ఫలహారమునకు పిలువగా, మూసిన తలుపు వెనుకనుండి "కమింగ్" అని వినవచ్చెను.

స్ట్రాస్‌బర్గులో 18వ శతాబ్దపు ఇటుక, రాతి, దుంగల యిండ్లు నేటికిని కాపురమునకు పనికివచ్చుచున్నవి. 1832లో అనుమతి పొందిన అచటి రైలుమార్గముమీద ఆవిరి ఇంజను నేటికిని యాత్రికులను త్రిప్పుచున్నది. నా మనస్సు మాత్రము విడిది కంచె అవతలి పొలముమీదనే యుండెను. ఇవతల మేము స్తంభమునకు కరెంటు తగిలించుకొనుచుండగా, అవతలి యింటికి తీగయే లేదు. తెల్లవారుసరికి గుర్రపుబండి చప్పుడు. వారు ఆమిష్ క్రైస్తవులు. 18వ శతాబ్దమున జర్మను, స్విస్ సీమలనుండి వచ్చినవారి సంతతి.

వారు ఇంట పెన్సిల్వేనియా జర్మను అను మాండలికము పలుకుదురు. ప్రార్థనకు ప్రామాణిక జర్మను గ్రంథములు. బడిలో చదువు ఇంగ్లీషు. ఒకే గదిలో ఎనిమిది తరగతులు! ఆపైని చదువునకు బలవంతపెట్టరాదని 1972లో అచటి సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను. ఎనిమిదవ తరగతితో చదువు ముగించుట నాకు సమ్మతము కాదు. కాని బడి ఇంగ్లీషుదైనను ఇంటి మాట మూడు శతాబ్దములకు చేరువగా నిలిచినది.

అదే సీమలనుండి వచ్చిన ఇతర సంఘములవారు సంఖ్యలో హెచ్చు. వారికి జర్మను బడులుండెను, పత్రికలుండెను. 1776లో స్వాతంత్ర్య ప్రకటన వార్తను మొదట అచ్చువేసినది ఫిలడెల్ఫియాలోని జర్మను పత్రికయే. అయినను 20వ శతాబ్దమున వారి యిండ్లలో ఆ మాట చాలవరకు అణగిపోయెను. ఆమిష్‌వారు సంఘము వెలుపల పెండ్లాడరు, వేరుగా బ్రదుకుదురు. మనమట్లుండలేము, ఉండవలసిన పనియు లేదు. కాని పొయ్యివద్దను, పశువుల పాకలోను పిల్లలతో వారు ఏ భాషలో పని చెప్పుదురో గమనింపదగినది.

మన చెన్నపట్టణమున, తమిళమును తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టము తరువాత, తెలుగు పీరియడ్లను గూర్చి మనము ఎన్ని మహజరులు వ్రాసికొంటిమో మీకు తెలియును. అవి వ్రాయవలసినవే. అయితే, "ఇంట తమిళమే వచ్చుచున్నదండీ, తెలుగు బడిలో మీరే చూచుకొనవలెను" అని నాతో చెప్పు తల్లిదండ్రులు ఏటేట పెరుగుచున్నారు. వారానికి కొన్ని గంటలతో నేనేమి చూచుకొనగలను?

రాబోవు జూను నెలలో ఒకటవ తరగతిలో చేర్చుటకు వచ్చునపుడు బిడ్డతోపాటు తాతగారినో, నాయనమ్మగారినో, అమ్మమ్మగారినో వెంటబెట్టుకొని రండు. దరఖాస్తు పిదప వ్రాసికొందము. ముందుగా నేను వారితో కొంతసేపు మాట్లాడవలెను.